మార్షల్ లా, ఎమర్జెన్సీ: పౌరుడికి ఏది ఎక్కువ ముప్పు?

మన రాజ్యాంగం మార్షల్ లాను, అంటే పౌర పాలన స్థానంలో వచ్చే సైనిక పాలనను, ఎక్కడా నిర్వచించలేదు; అది అమల్లో ఉన్న ప్రాంతంలో అధికారులు చేసిన పనులకు పార్లమెంటు తర్వాత చట్టరీత్యా రక్షణ కల్పించవచ్చని మాత్రం 34వ అధికరణ చెబుతుంది. ఎమర్జెన్సీకి 352వ అధికరణ ఉంది.

విధింపు: ఎమర్జెన్సీకి మంత్రివర్గం లిఖితపూర్వక సిఫారసు, నెలలోగా ఉభయ సభల ఆమోదం తప్పనిసరి. మార్షల్ లాకు అలాంటి మెట్లేవీ రాసి లేవు.

పరిధి: ఎమర్జెన్సీ దేశమంతటికీ వర్తించవచ్చు, మార్షల్ లా శాంతిభద్రతలు కుప్పకూలిన చోటికే.

స్వేచ్ఛకు నష్టం: 1919లో మార్షల్ లా కింద అమృత్‌సర్‌లోని ఒక వీధిలో భారతీయులు పొట్టమీద పాకి వెళ్లాలని జనరల్ డయ్యర్ ఆదేశించాడు, ఆ వీధిలో కాపురముంటున్నవారికీ మినహాయింపు లేదు. ఎమర్జెన్సీ ఇంత మొరటుగా కనబడదు గాని, నా దృష్టిలో అదే దాని ప్రమాదం: 1976లో నిర్బంధితులకు హెబియస్ కార్పస్ (నిర్బంధం చట్టబద్ధమో కాదో కోర్టు తేల్చాలనే పిటిషన్) కోరే హక్కు లేదని సుప్రీంకోర్టే 4-1 మెజారిటీతో తీర్పిచ్చింది, కాదన్నది జస్టిస్ హెచ్.ఆర్. ఖన్నా ఒక్కరే. 1978 నాటి 44వ సవరణ తర్వాత 20, 21 అధికరణల (నేరారోపణల్లో రక్షణ, ప్రాణ, వ్యక్తి స్వేచ్ఛల హక్కులు) అమలును ఎమర్జెన్సీలోనూ నిలిపివేయడానికి వీల్లేదు.

యుద్ధమో సాయుధ తిరుగుబాటో వచ్చినా కోర్టులు, చట్టసభలు నడుస్తుంటే ఎమర్జెన్సీయే నయం. కోర్టు తలుపులే తెరుచుకోని చోట, కొద్ది రోజులకు మాత్రమే మార్షల్ లాను సమర్థించగలం. 2024 డిసెంబరు 3 రాత్రి దక్షిణ కొరియాలో అధ్యక్షుడు మార్షల్ లా ప్రకటించినప్పుడు అలాంటి స్థితేమీ లేదు; కొందరు పార్లమెంటు సభ్యులు గోడ దూకి సభలోకి చేరారు, హాజరైన 190 మందీ దాని రద్దు కోరుతూ ఓటేశారు, తెల్లవారేసరికి దాన్ని ఎత్తేశారు.