ఒక్క పెన్సిల్ సెల్ మీద యాంప్లిఫైయర్: ఏ ట్రాన్సిస్టర్ మేలు?

కోఠి గుజరాతీ గల్లీలో ఏ షాపు ముందు నిలబడి ఆడియోకి ట్రాన్సిస్టర్ కావాలన్నా ముందు చేతిలో పెట్టేది బీసీ547, సిలికాన్‌తో చేసిన ట్రాన్సిస్టర్. 9 వోల్టుల బ్యాటరీ అయితే దానితో పెద్దగా ఆలోచించకుండానే పని జరిగిపోతుంది. కానీ ఒకే ఒక్క పెన్సిల్ సెల్‌తో ఇయర్‌ఫోనో చిన్న స్పీకరో మోగించాలంటే లెక్క వేరు. ఆ 1.5 వోల్టులు కొత్త సెల్‌కే, వాడేకొద్దీ 1.0కి, 0.9కి దిగుతుంది, రీచార్జబుల్ అయితే మొదలే 1.2.

ముందు జెర్మేనియం సంగతి తేల్చేద్దాం, పాత రేడియోలు విప్పి పెరిగినవాళ్లు ఎవరిని అడిగినా జెర్మేనియంతో చేసిన ఏసీ128 పేరే చెబుతారు కాబట్టి. వాళ్లు చెప్పేదాంట్లో నిజం లేకపోలేదు. ట్రాన్సిస్టర్ మూడు కాళ్లలో అదుపు చేసేది బేస్, అసలు కరెంటు పారేది కలెక్టర్, ఎమిటర్ల మధ్య. సిలికాన్ బేస్ దగ్గర 0.6 వోల్టులు సమర్పిస్తే గానీ కదలదు, జెర్మేనియం 0.2 దగ్గరే పనిలోకి దిగుతుంది, సెల్ సగం చచ్చాక కూడా పాడుతూనే ఉంటుంది. గొడవంతా లీకేజీతో, అంటే అడగకుండానే పారే కరెంటుతో. ఒక ఏసీ128 తీసుకుని బేస్ వదిలేసి, ఎమిటర్‌కి ప్లస్, కలెక్టర్‌కి మైనస్ వచ్చేలా (అది పీఎన్‌పీ రకం, బీసీ547తో పోలిస్తే ప్లస్ మైనస్‌లు తిరగబడతాయి) సెల్‌నీ మిల్లీఆంపియర్ మీటర్‌నీ సిరీస్‌లో పెట్టి చూడండి. బేస్‌కి ఏమీ ఇవ్వకపోయినా మీటర్‌లో ఎంతో కొంత కనిపిస్తుంది. ఇప్పుడు దాని రేకు డబ్బాని రెండు వేళ్లతో పట్టుకోండి, అంకె మెల్లగా పైకి పాకుతుంది. మే నెలలో మన దగ్గర ఆ వేళ్లు కూడా అక్కర్లేదు, గది వేడే చాలు! దాదాపు ప్రతి 10 డిగ్రీలకి లీకేజీ రెట్టింపు అవుతుంది, అంటే 25 డిగ్రీల దగ్గర కుదిరిన సెట్టింగ్ 45 దగ్గర నాలుగింతల లీకేజీ మోయాలి. పైగా ఇప్పుడు దొరికేది దాదాపు అంతా పాత స్టాకు, లేదా ఎర్రగడ్డ సంతలో కనిపించే పాత రేడియో బోర్డుల నుంచి ఊడదీసినది. సరదాకి ఓకే, రోజూ వాడేదానికి నేనైతే వద్దంటాను.

మాస్‌ఫెట్ (బేస్ బదులు గేటు ఉండి, దాని మీది వోల్టేజీతో నడిచే ట్రాన్సిస్టర్) గురించి రెండు ముక్కలు చాలు. 2ఎన్7000 అనే మాస్‌ఫెట్ తెరుచుకోవడానికి గేటు మీద 0.8 నుంచి 3 వోల్టుల వరకు ఎంతైనా పట్టొచ్చని డేటాషీటే చెబుతుంది. ఒక్క సెల్‌తో అది లాటరీ.

మిగిలింది సిలికానే. ఇక్కడ అందరూ గెయిన్ (బేస్ కరెంటుని ట్రాన్సిస్టర్ ఎన్ని రెట్లు చేస్తుందో ఆ అంకె) వెనక పడి, దాన్ని బట్టి చేసిన ఏ, బీ, సీ గ్రూపుల్లో ‘సీ’ గ్రూపే కావాలంటారు (బీసీ547సీకి 420 నుంచి 800). నిజానికి ఒక స్టేజీ (ఒక ట్రాన్సిస్టర్, దాని రెసిస్టర్లు) వోల్టేజీని ఎన్ని రెట్లు పెంచుతుందనేది దాదాపుగా కలెక్టర్ రెసిస్టర్ మీద పడే వోల్టేజీని 26 మిల్లీవోల్టులతో భాగిస్తే వచ్చేస్తుంది. దాని మీద 0.75 వోల్టులు పడితే 29 రెట్లు, ‘ఏ’ అయినా ‘సీ’ అయినా అంతే, సెల్ అరిగి 0.3 మిగిలితే పన్నెండు రెట్లే. ‘సీ’తో లాభం ఇన్‌పుట్ దగ్గర. 0.1 మిల్లీఆంపియర్ కరెంటుతో నడిపితే, గెయిన్ 500 ఉన్నది దాదాపు 130 కిలో ఓమ్‌ల ఇన్‌పుట్ ఇస్తుంది, 150 ఉన్నది 40 దగ్గర ఆగిపోయి ముందున్న సిగ్నల్‌ని నొక్కేస్తుంది. శబ్దం తక్కువుండాలంటే మొదటి స్టేజీకి బీసీ549సీ. బయాస్ (సిగ్నల్ లేనప్పుడు కూడా ట్రాన్సిస్టర్‌ని తెరిచి ఉంచడానికి బేస్‌కి ఇచ్చేది) మాత్రం రెండు రెసిస్టర్లతో బేస్ వోల్టేజీ బిగించేసి ఇవ్వకండి. సిలికాన్ బేస్‌కి కావలసిన వోల్టేజీ డిగ్రీకి 2 మిల్లీవోల్టుల చొప్పున తగ్గుతుంది కాబట్టి, జనవరి పొద్దున 15 డిగ్రీలకి పెట్టింది మే మధ్యాహ్నం 42కి వచ్చేసరికి కరెంటు ఎనిమిదింతలు అయిపోతుంది. కలెక్టర్ నుంచి బేస్‌కి ఒక్క రెసిస్టర్ వేస్తే ఈ టెన్షన్ చాలావరకు ఉండదు.

అసలు పరీక్ష చివరి స్టేజీలో. డార్లింగ్టన్ జత (ఒకదాని ఎమిటర్ ఇంకోదాని బేస్‌కి కలిపిన రెండు ట్రాన్సిస్టర్లు) ఊసే ఎత్తకండి, బేస్‌కే 1.2 వోల్టులు తినేస్తుంది. 1.5 వోల్టులతో 8 ఓమ్‌ల స్పీకర్‌ని పుష్‌పుల్‌లో (ఒక ట్రాన్సిస్టర్ నెడితే ఇంకోటి లాగే పద్ధతి) నడిపితే, ట్రాన్సిస్టర్‌లో 0.1 వోల్టే పోతే 26 మిల్లీవాట్లు వస్తాయి, 0.3 పోతే పన్నెండున్నరకి పడిపోతుంది. అంత చిన్న తేడాకి సగం పవర్ పోయినట్టే. అందుకే ఇక్కడ బీసీ547 పనికిరాదు: దాని హద్దే 100 మిల్లీఆంపియర్లు, ఆ హద్దు దగ్గర 0.6 వోల్టుల దాకా మింగొచ్చని డేటాషీట్‌లోనే ఉంది, ఈ స్పీకర్‌కి పీక్‌లో 80 మిల్లీఆంపియర్లు కావాలి. ఎస్ఎస్8050, ఎస్ఎస్8550 జత గానీ బీసీ337-40, బీసీ327-40 జత గానీ తీసుకోండి. నా ఓటు 337కి, ఎందుకంటే కాళ్ల వరస 547దే. చదును వైపు మనకి ఎదురుగా పెడితే ఎడమ నుంచి కలెక్టర్, బేస్, ఎమిటర్. 8050కి ఇది తలకిందులు. తిరగేసి సోల్డర్ చేసినా అది పూర్తిగా చావదు, గెయిన్ బాగా పడిపోయి నీరసంగా మోగుతుంది, మీరేమో తప్పు ఇంకెక్కడో ఉందని వెతుకుతూ కూర్చుంటారు.

ఇయర్‌ఫోన్ ఒక్కటే చాలనుకుంటే పుష్‌పుల్ కూడా దండగే. 32 ఓమ్‌ల ఇయర్‌ఫోన్‌ని ఒక్క 337 కలెక్టర్‌లో నేరుగా పెట్టి 10 మిల్లీఆంపియర్లు పారిస్తే ఒకటిన్నర మిల్లీవాట్ దాకా వస్తుంది, చెవికి అది బోలెడు. మంచి ఆల్కలైన్ సెల్ అయితే వంద గంటలకు పైనే లాగుతుంది.

రెండు సెల్స్‌కి డబ్బాలో చోటుంటే మాత్రం ఇంత తిప్పలు పడకుండా టీడీఏ2822ఎం ఐసీ వేసేయండి, అది 1.8 వోల్టుల దాకా పనిచేస్తుంది, రెండు సెల్స్ పూర్తిగా అరిగినా ఉండేది అంతే. షాపులో అలవాటుగా ఎల్ఎం386 ఇస్తే తీసుకోకండి, దానికి కనీసం 4 వోల్టులు కావాలి.