కొత్త డబ్బాలో వంగిన షాఫ్ట్: 450 రిమోట్ హెలికాప్టర్ కిట్టు కొనేవారికి జాగ్రత్త

హైదరాబాదులో ఇంటి నుంచే రిమోట్‌తో ఎగిరే మోడల్ హెలికాప్టర్ల సామాను అమ్మే పెద్దమనిషి గురించి రాస్తున్నాను. పేరు రాయను, ఆయన దగ్గర కొన్నవారికి రాయనవసరం లేదు. రెక్కల పైన అదుపు కడ్డీ లేని 450 సైజు ఫ్లైబార్‌లెస్ కిట్టును మోటారు, రెక్కలను అదుపు చేసే సర్వోలతో (చిన్న మోటార్లతో) కలిపి 18,500 రూపాయలకు పోయిన నెల తీసుకున్నాను. "సీల్ గూడ ఇప్పలే అన్నా, ఫ్రెష్ పీస్" అన్నాడు. డబ్బాకు తెల్లని టేపు, దాని మీద మళ్లీ గోధుమరంగు టేపు వేసి ఉన్నాయి. అడిగితే కొరియర్ వాళ్లు వేశారన్నాడు. నల్లగొండ బస్సు తప్పిపోతుందన్న తొందరలో ఆ మాట నమ్మి, మూత కూడా తీసి చూడకుండా మొత్తం డబ్బు ఫోన్‌లో పంపిన తెలివిగలవాడిని నేనే.

పదిహేను రోజులు రాత్రిపూట కూర్చుని బిగించాను. సర్వో చేతులను లంబంగా నిలిపి, రెక్కల కోణాన్ని మార్చే పళ్లెం లాంటి స్వాష్‌ప్లేట్ సమంగా ఉందని తేలాక, రిమోట్ స్టిక్ మధ్యలో ఉన్నప్పుడు రెక్క కోణం కొలిచే పిచ్ గేజ్ మీద సున్నా, రెండు చివరల పది డిగ్రీలు వచ్చేదాకా లింకులను ఒక్కో మలుపు తిప్పుతూ సరిచేశాను. తీరా పానగల్ వైపు ఖాళీ జాగాలో తిప్పి చూస్తే, కాళ్లలాంటి స్కిడ్లు నేల మీద ఉండగానే బండి మొత్తం వణికింది, టెయిల్ బూమ్ చివర రెండుగా కనిపించింది, తోక కుడి ఎడమలకు ఊగింది. తప్పు నాదేననుకున్నాను. తోకను నిలకడగా ఉంచే గైరో గెయిన్ (స్పందన తీవ్రత) తగ్గించాను, బ్లేడ్లు తూచి తేలికైనదానికి టేపు అతికించాను, రెండు బ్లేడ్లూ ఒకే ఎత్తులో తిరుగుతున్నాయా అని ట్రాకింగ్ మళ్లీ సరిచూశాను. వారం గడిచినా వణుకు పోలేదు.

చివరకు ఆదివారం నాడు హెడ్ మొత్తం విప్పి, రెక్కలను తిప్పే 5 మిల్లీమీటర్ల మెయిన్ షాఫ్టును ఫోటో ఫ్రేము అద్దం మీద పెట్టి వేలితో దొర్లించాను. సగం చుట్టు సాఫీగా పోయింది, మిగతా సగంలో మధ్యభాగం లేచి, షాఫ్టుకూ అద్దానికీ నడుమ సెల్‌ఫోన్ టార్చి వెలుగు సన్నని గీతలాగా పడింది. బ్లేడ్ గ్రిప్పులను కలిపే ఫెదరింగ్ షాఫ్ట్ అంతకంటే వంకరగా ఉంది. దాని స్క్రూ తల అలెన్ కీ నిలవనంతగా అరిగింది. స్క్రూకు ఊడకుండా పూసే థ్రెడ్‌లాక్ ఎండిపోయి ఉందంటే కంపెనీలోనే పూశారని సరిపెట్టుకోవచ్చు, థ్రస్ట్ బేరింగులో ఎర్రమట్టిని ఏ కంపెనీ పూస్తుంది? ఎవరో కూల్చిన బండిని తుడిచి, కొత్త బ్లేడ్లు తగిలించి నాకు అంటగట్టాడు. నిమిషానికి 2,600 చుట్లు తిరిగే 325 మిల్లీమీటర్ల బ్లేడు కొస గంటకు సుమారు 340 కిలోమీటర్ల వేగంతో పోతుంది. అటువంటి దాన్ని ఈ షాఫ్టుల మీద తిప్పుతుంటే, పదడుగుల దూరంలో నా కొడుకు నిలబడి వీడియో తీశాడు. అంత దగ్గర నిలబెట్టడం నా బుద్ధితక్కువ పని, దాన్ని ఆయన మీదకు నెట్టను.

ఫోటోలు పంపాను. చూసినట్టు నీలి గుర్తులు పడ్డాయి, జవాబు లేదు. సాయంత్రం ఫోన్ చేస్తే మూడోసారికి ఎత్తాడు. డబ్బు ముట్టేదాకా 'అన్నా' అన్నవాడికి, ముట్టాక 'నువ్వు' అనడానికి నోరెలా వచ్చిందో కానీ, "నీకు సెట్టింగ్ రాక కూలగొట్టి నా మీద పడుతున్నవా?" అన్నాడు. ఈ బండి ఒక్కసారి కూడా నేల విడిచి లేవలేదని చెప్పాను. నవ్వాడు. "మీ నల్లగొండోళ్లకు పొలంల మందు కొట్టే డ్రోనే ఎక్కువ, హెలికాప్టర్ ఎందుకు?" అని పెట్టేశాడు. స్పీకర్ ఆన్ చేసి ఉండడంతో పక్కనే ఉన్న మా వాడు అంతా విన్నాడు. ఏమీ అనకుండా స్క్రూలన్నీ ఏరి డబ్బాలో వేశాడు. షాఫ్టులు, బేరింగులు కొత్తవి వేస్తే బండి బాగుపడుతుంది కానీ, నేను ఒక్క మాట కూడా తిరిగి అనలేకపోయిన ఆ అర నిమిషం మూడు రోజులుగా చెవిలో మోగుతూనే ఉంది. కిందటి రాత్రి నుంచి నా నంబరు బ్లాక్ అయింది.

కొనేవారు డబ్బు ఇవ్వకముందే ఆయన ఎదుటే హెడ్ విప్పించండి, రెండు షాఫ్టులనూ అద్దం మీద దొర్లించండి, బస్సు పోతే పోనివ్వండి. పాత బ్యాటరీ కూడా ఇస్తానంటే ఉబ్బిందేమో తడిమి చూడండి.

ఈ ఉదయం ఆయన ఇంకొక 450 కిట్టును 'సీల్ విప్పనిది' అంటూ అమ్మకానికి పెట్టాడు. ఫోటోలో డబ్బా అంచున గోధుమరంగు టేపు, దాని కింద తెల్లని టేపు స్పష్టంగా కనిపిస్తున్నాయి.