పోమొడోరో టైమర్, సైట్ బ్లాకర్, వీడియో తోడు: ఏళ్ల తరబడి వాడాక మిగిలినవేంటి

ముందే చెప్పేస్తాను. పనిని రేపటికి నెట్టే అలవాటుకి 25 నిమిషాల టైమర్ మందు కాదు. అయినా అది ఇంకా నా బల్ల మీదే ఉంది. కాలక్షేపం సైట్లు తెరుచుకోకుండా ఆపే సైట్ బ్లాకర్లు వచ్చాయి, పోయాయి, మళ్లీ వచ్చాయి. వీడియోలో ఎదురుగా కూర్చుని ఎవరి పని వాళ్లు చేసుకునే పద్ధతీ చూశాను, డబ్బు పందెం కాసే పద్ధతీ చూశాను. ఏది ఎంతవరకు పనికొస్తుందో, ఎక్కడ చేతులెత్తేస్తుందో రాస్తున్నాను.

వారం వాడి రాసే రివ్యూలన్నీ ఒకేలా ఉంటాయి: జీవితం మారిపోయింది అని. మొదటి వారం ఏ పద్ధతైనా పనిచేస్తుంది. కొత్త నోటుబుక్కు కొన్నా పనిచేస్తుంది. ఆ ఊపు దిగిపోయాక ఏం మిగులుతుందన్నదే అసలు లెక్క.

నా పని ఇదీ: ఆన్‌లైన్‌లో క్లయింట్లకు వ్యాసాలు రాసిపెట్టడం, వాళ్లు రాసినవి ఎడిట్ చేయడం, ఖాళీ దొరికితే నా సొంత కోర్సుకి పాఠాలు తయారుచేసుకోవడం. అడిగే బాసు లేడు, చూసే సహోద్యోగి లేడు, లాగిన్ టైమ్ లేదు. పని చేయాల్సిన స్క్రీనూ కాలక్షేపం చేసే స్క్రీనూ ఒకటే. ఇలా బతికేవాళ్లకి ఈ ఇబ్బంది విడమర్చి చెప్పక్కర్లేదు.

టైమర్‌తో మొదలుపెడతాను. 1980ల చివర్లో ఫ్రాన్సెస్కో సిరిలో అనే ఇటలీ విద్యార్థి, టమాటా ఆకారంలో ఉన్న వంటింటి టైమర్ తిప్పిపెట్టుకుని చదవడంతో పుట్టింది పోమొడోరో పద్ధతి. 25 నిమిషాలు ఒకే పని, 5 నిమిషాలు విరామం, ఇలా నాలుగు అయ్యాక 15 నుంచి 30 నిమిషాల పెద్ద విరామం. ఇంత సులువైనదానికి ఇంత హడావుడి ఎందుకా అనిపిస్తుంది. దాని బలమూ ఆ సులువులోనే ఉంది. ‘ఈ వ్యాసం పూర్తి చేయాలి’ అనుకుంటే మనసు మొరాయిస్తుంది. ‘గంట మోగేదాకా ఈ ఫైలు ముందు కూర్చుంటాను, అంతే’ అనుకుంటే ఒప్పుకుంటుంది. పని ఎంత పెద్దదో మనసుకి కనబడనివ్వకపోవడమే టైమర్ చేసే మేలు.

ఇది నా ఊహ మాత్రమే కాదు. వాయిదా వేయడం టైమ్ మేనేజ్‌మెంట్ లోపం కాదని, ఆ పని తలుచుకోగానే కలిగే చిరాకు నుంచో భయం నుంచో అప్పటికప్పుడు తప్పించుకునే ఉపాయమని ఫ్యూషియా సిరోయిస్, టిమొతీ పిచిల్ అనే మనస్తత్వ శాస్త్రజ్ఞులు 2013లో ఒక పరిశోధన వ్యాసంలో వాదించారు. నా మటుకు నాకు ఆ మాట అక్షరాలా నిజం. నేను నెట్టుకుంటూ వచ్చేవి కష్టమైన పనులు కావు. రేటు పెంచుతున్నానని పాత క్లయింటుకి రాయాల్సిన మెయిల్, బాకీ పడ్డ బిల్లు గుర్తుచేసే మెయిల్, ‘మీ వ్యాసం రెండో సగం తిరగరాయాలి’ అని చెప్పాల్సిన సందర్భం, ఇలాంటివి. పది నిమిషాల పనులే. అవతలివాళ్లు ఏమంటారోనన్న బెరుకే వాటిని పది రోజులు సాగదీస్తుంది. ఇలాంటివాటి మీద టైమర్ అద్భుతంగా పనిచేస్తుంది, ఎందుకంటే బెరుకంతా మెయిల్ తెరవకముందే. తెరిచి రెండు వాక్యాలు కొట్టాక అది సగానికి సగం దిగిపోతుంది.

అయితే టైమర్ ఫోన్‌లో ఉండకూడదు. ఈ ఒక్క విషయంలో నేను మొండి. టైమర్ పెట్టడానికి ఫోన్ తీస్తాం, పైన మూడు నోటిఫికేషన్లు కనిపిస్తాయి, టైమర్ తప్ప మిగిలినవన్నీ తెరుస్తాం. విడిగా ఉండే టైమర్ కొనుక్కోండి. తిప్పితే టిక్ టిక్ మనేది ముచ్చటగానే ఉంటుంది కానీ ఆ చప్పుడు మైకులో పడుతుంది, పైగా వాడగా వాడగా స్ప్రింగు సడలి 25 అంటే ఎంతో దానికే తెలియనట్టు తయారవుతుంది. బోర్లించగానే లెక్క మొదలుపెట్టే డిజిటల్ రకం మేలు. యాప్ కోసం నెల నెలా చందా కట్టడం నా దృష్టిలో దండగ.

ఇక ఎక్కడ చెడుతుందంటే, రాత బాగా సాగుతున్నప్పుడు. పొద్దుటి నుంచి పట్టుబడని పేరా అప్పుడే దారిలో పడుతుంది, సరిగ్గా అప్పుడే గంట మోగుతుంది. నియమం ప్రకారం లేవాలి. నేను లేవను. గంట ఆపేసి కొనసాగిస్తాను. మొదలుపెట్టించడానికే దాన్ని పెట్టుకున్నాను తప్ప ఆపించడానికి కాదు. ఎడిటింగ్‌కైతే 25 చాలనే చాలదు. ఒక వ్యాసం స్వరం చెవికెక్కేసరికే పదిహేను నిమిషాలు పడుతుంది, అందుకని 50 పెట్టుకుంటాను. ఒక పని మధ్యలో వదిలి ఇంకోదానికి వెళ్తే మనసులో కొంత భాగం మొదటి పని దగ్గరే చిక్కుకుపోతుందని సోఫీ లెరోయ్ అనే పరిశోధకురాలు 2009లో రాశారు. ఆ విరామంలో మెయిల్ చూసినా, చాట్ చూసినా అదే జరుగుతుంది. కాబట్టి 5 నిమిషాల విరామం అంటే కుర్చీలోంచి లేవడం. ట్యాబ్ మార్చడం విరామం కిందికి రాదు.

ఇంకో లోపం చాలా ఆలస్యంగా బయటపడుతుంది. ఒక్కో 25 నిమిషాల విడతనీ ఒక పోమొడోరో అంటారు, వాటిని లెక్కపెట్టుకోవడం మొదలుపెట్టాక ఆ అంకె మీదే మోజు పెరుగుతుంది. ఇవాళ ఎనిమిది అయ్యాయి అని సంబరం. ఆ ఎనిమిదిలో ఏముంది? ఫోల్డర్లు సర్దడం, వెబ్‌సైటు ఫాంటు మార్చడం, ఇన్‌బాక్సు ఖాళీ చేయడం. టైమర్ నడుస్తోంది కదా, పని జరుగుతున్నట్టే అనిపిస్తుంది. ఇది వాయిదా వేయడమే, కాకపోతే చాలా మర్యాదస్తుల వాయిదా.

లెక్క రాసిపెట్టుకోవడం వల్ల ఒక లాభం మాత్రం నేను ఊహించనిది. ఏ పని ఎన్ని టైమర్లు తింటుందో కొన్ని నెలలు రాసుకుంటే రేటు చెప్పడం తేలికైపోతుంది. ‘చిన్న ఎడిట్ అండీ, అరగంట పని’ అని క్లయింటు అనగానే పాత పేజీ తిరగేస్తాను. అలాంటి ‘అరగంట’ పనులు నా దగ్గర ఎప్పుడూ నాలుగైదు టైమర్లకు తక్కువ కాలేదు. కొటేషన్ దాన్ని బట్టే వెళ్తుంది. నన్నడిగితే ఫ్రీలాన్సర్లు ఈ పద్ధతి వాడాల్సింది ముందుగా ఇందుకోసం, ఏకాగ్రత సంగతి తర్వాత.

ఇంత చెప్పినా, టైమర్ దగ్గర జవాబు లేని ప్రశ్న ఒకటుంది: ఏం మొదలుపెట్టాలి? పొద్దున్నే కూర్చుని ఇవాళ ఏం చేద్దామా అని ఆలోచించడం మొదలెడితే ఆ రోజు సగం పోయినట్టే. ఆలోచన పేరుతో బ్రౌజర్ తెరుచుకుంటుంది, ఆ తర్వాత కథ మీకు తెలిసిందే. దీనికి నేను వాడేది పోస్టుకార్డంత అట్టముక్క. ముందు రోజు సాయంత్రం, కంప్యూటర్ ఆపే ముందు, మర్నాటి మొదటి పని దాని మీద రాసి కీబోర్డు మీద పెడతాను. పొద్దున టైపు చేయాలంటే దాన్ని చేత్తో తీసి పక్కన పెట్టక తప్పదు.

ఏం రాస్తామన్న దాంట్లోనే కిటుకంతా ఉంది. ‘ఇన్‌వాయిస్ పంపాలి’ అని రాస్తే అది మూడు రోజులైనా అక్కడే ఉంటుంది. ‘కూర్చోగానే: గత నెల ఇన్‌వాయిస్ ఫైలు తెరువు, సేవ్ యాజ్ కొట్టు, నంబరూ తేదీ మార్చు’ అని రాస్తే కాఫీ చల్లారేలోపు ఇన్‌వాయిస్ వెళ్లిపోతుంది. మొదటి రకంలో ఎక్కడి నుంచి ఎత్తుకోవాలో మనసు తేల్చుకోవాలి, రెండో రకంలో వేళ్లు కదిలిస్తే చాలు. ఫలానా సందర్భం రాగానే ఫలానా పని చేస్తాను అని ముందే తీర్మానించుకుంటే ఆ పని జరిగే అవకాశం పెరుగుతుందని మనస్తత్వ శాస్త్రజ్ఞుడు పీటర్ గాల్విట్జర్ 1999లో రాసిన వ్యాసం ఈ రంగంలో ఇప్పటికీ ప్రస్తావనకు వస్తూ ఉంటుంది. పూర్తికాని పని బుర్రలో తొలుస్తుంటే, దాన్ని ఎలా చేయాలో స్పష్టంగా ప్లాన్ వేసుకున్నా ఆ తొలుపు తగ్గుతుందని మాసికాంపో, బౌమైస్టర్ అనే పరిశోధకులు 2011లో చూపించారు. అట్ట రాసి లేచిన సాయంత్రాలు నాకు నిజంగానే తేలిగ్గా గడుస్తాయి. అన్నిటికంటే చవకైనదీ, ఎక్కువ కాలం నిలిచిందీ ఇదే.

బ్లాకర్ల గురించి ఎక్కువ చెప్పను. రెండు రకాలు. లీచ్‌బ్లాక్ లాంటివి బ్రౌజర్‌లో చేరే ఉచిత ఎక్స్‌టెన్షన్లు. కోల్డ్ టర్కీ, ఫ్రీడమ్ లాంటివి కంప్యూటర్‌లో ఇన్‌స్టాల్ చేసుకునే ప్రోగ్రాములు. మొదటి రకాన్ని ఏమార్చడం తేలిక, ఇంకో బ్రౌజర్ తెరిస్తే సరి. రెండో రకంలో గడువు పెట్టి తాళం వేశారంటే ఆ గడువు తీరేదాకా బతిమాలినా వినదు. తాళం వేసే సమయం ముఖ్యం. పని మొదలుపెట్టేటప్పుడు వేద్దామంటే చేయి రాదు, రాత్రే షెడ్యూలు పెట్టేయాలి. ఏయే సైట్లు వద్దో జాబితా రాయడం కన్నా ఏవి కావాలో రాయడం మేలు, ఎందుకంటే వద్దనుకునేవాటికి అంతు లేదు. అయితే నా పనిలో పరిశోధన కూడా భాగమే, యూట్యూబ్‌లో ఒక ఇంటర్వ్యూ చూడాల్సి వస్తుంది, అప్పుడు తాళం మనకే అడ్డం. అందుకే పొద్దుటి మొదటి రెండు గంటలకి మాత్రమే బ్లాకర్, ఆ తర్వాత లేదు. కంప్యూటర్‌కి ఎన్ని తాళాలు వేసినా ఫోన్ పక్కనే ఉంటే లాభం లేదని వేరే చెప్పాలా? అది ఇంకో గదిలో ఉండాలి. బోర్లా తిప్పిపెట్టడం లెక్కలోకి రాదు.

డబ్బు పందెం పద్ధతి, అంటే బీమైండర్ అనే వెబ్‌సైటు లాంటిది, నాకు సరిపడలేదు. చెప్పిన పని చెప్పినంత చేయకపోతే మన డబ్బు పోతుంది. లక్ష్యాన్ని సడలించుకోవాలంటే ఆ సడలింపు వారం తర్వాతే అమల్లోకి వచ్చేలా పెట్టారు, ఆ ఆలోచన మాత్రం భలే తెలివైంది. ఈ రోజు బద్ధకం ఈ రోజు లక్ష్యాన్ని మార్చలేదు. కానీ ఆదాయమే నెలకొక రకంగా ఉండేవాళ్లకి జరిమానా భయం పనికన్నా ఎక్కువ బరువైపోతుంది. నెల నెలా జీతం పడేవాళ్లకి కుదరొచ్చు.

నన్ను ఆశ్చర్యపరిచింది వీడియో తోడు. ఫోకస్‌మేట్ లాంటి వెబ్‌సైట్లో 25, 50 లేదా 75 నిమిషాల సెషన్ బుక్ చేసుకుంటే ముక్కూ మొహం తెలియని మనిషితో జత కలుపుతారు. మొదట్లో ఎవరు ఏం చేయబోతున్నారో ఒక్క ముక్క చెప్పుకోవాలి, మైకు ఆపేసి పని చేసుకోవాలి, చివర్లో అయ్యిందో లేదో చెప్పుకోవాలి. వినగానే వింతగా అనిపించింది. తెరలో ఒక మూల ఎవరో తల వంచుకుని తమ పని తాము చేసుకుంటుంటే, ఇక్కడ నా చేయి ఫోన్ వైపు పోదు. మందలించేవాళ్లు ఎవరూ లేకపోయినా సరే.

కానీ అన్ని పనులకీ ఇది పనికిరాదు, ఆ తేడా తెలియడానికి చాలా సెషన్లే పట్టాయి. ఎడిటింగ్, బిల్లులు, మెయిళ్లు బ్రహ్మాండంగా సాగుతాయి. కొత్త పాఠానికి మొదటి చిత్తుప్రతి రాయబోతే మాత్రం వేళ్లు బిగుసుకుపోతాయి. పక్కన మనుషులుంటే బాగా అలవాటైన పని మెరుగ్గా సాగుతుందని, ఇంకా పట్టుబడని పని కుంటుపడుతుందని మనస్తత్వ శాస్త్రజ్ఞుడు రాబర్ట్ జాయన్స్ 1965లోనే సిద్ధాంతీకరించాడు. అది చదివాక నా పనులను రెండుగా విడదీశాను: చేయి తిరిగినవి తోడుతో, తడుముకునేవి ఒంటరిగా, టైమర్‌తో. ఒక్క చిక్కేంటంటే, బుక్ చేసుకున్న మనిషి ఒక్కోసారి రాడు. అప్పుడు ఖాళీ తెర చూస్తూ కూర్చోకుండా ‘ఈ 50 నిమిషాలు ఎలాగూ పనికే కేటాయించేశాను కదా’ అనుకుని పని మొదలుపెట్టేయడమే.

వీటన్నిటికీ లొంగనిది ఒకటే, నా సొంత కోర్సు. క్లయింటు పనికి గడువు వాళ్లు పెడతారు. దీనికి నేనే పెట్టుకోవాలి, నేను పెట్టుకున్న గడువుని నేను ఎంత తేలిగ్గా జరుపుతానో నాకు తెలుసు. డాన్ ఏరియలీ, క్లాస్ వెర్టెన్‌బ్రాక్ అనే పరిశోధకులు 2002లో ప్రచురించిన ప్రయోగాల్లో, తమ గడువులు తామే పెట్టుకున్నవాళ్లు ఒకే ఒక్క చివరి గడువు ఉన్నవాళ్ల కన్నా బాగా చేశారు, కానీ బయటివాళ్లు సమంగా పంచి పెట్టిన గడువులున్నవాళ్లంత బాగా చేయలేదు. నా అనుభవం కూడా దానికి దగ్గరగానే ఉంది. అందుకని ఈమధ్య గడువు పెట్టే పనే బయటికి ఇచ్చేశాను. కోర్సు కావాలని ముందే అడిగిన కొద్దిమందికి ప్రతి శుక్రవారం ఒక పాఠం చిత్తుప్రతి పంపిస్తానని మాటిచ్చాను. బాగా వచ్చినా, నాసిగా వచ్చినా సరే, వెళ్లాల్సిందే. శనివారం పొద్దునకల్లా వాళ్లలో ఎవరో ఒకరు ‘ఈ వారం పాఠం రాలేదేంటి?’ అని అడుగుతారు. ఇప్పటిదాకా రెండు సార్లు అడిగించుకున్నాను. ఆ రెండు వారాలూ శనివారం మధ్యాహ్నానికల్లా పాఠం పంపేశాను. నెలల తరబడి కదలని కోర్సు సగం దాటింది.