క్యూబన్ సీడ్, హ్యాండ్‌మేడ్, మదూరో: ఈ మాటలు చూసి సిగార్ల పెట్టె కొనేవారికి హెచ్చరిక

కొత్తగా సిగార్లు కొనబోతున్నవారు దయచేసి ఇది చదివాకే డబ్బు కట్టండి. నేను ఆన్‌లైన్‌లో కొన్న ఒక పెట్టె ప్రకటనలో ఇలా రాసి ఉంది: "క్యూబన్ సీడ్, హ్యాండ్‌మేడ్, నేచురల్, మదూరో రెండు రకాలూ, రోబస్టో, ఏజ్డ్". వచ్చిన సరుకు ఎండిపోయి, పై ఆకు బీటలు వారి ఉంది. వెలిగిస్తే ఒక పక్క మాత్రమే కాలుతూ పోయింది. నోట్లోకి పొగాకు తునకలు వచ్చాయి. ఫిర్యాదు చేస్తే అమ్మకందారు ఇచ్చిన జవాబు: "ప్రకటనలో అబద్ధం ఒక్కటైనా చూపించండి."

నాకు ఎక్కువ కోపం తెప్పించింది ఆ జవాబే. విడివిడిగా చూస్తే ఆ మాటల్లో పచ్చి అబద్ధం దొరకదు. ఒక్కో మాట సిగార్‌కు సంబంధించిన ఒకే ఒక్క విషయం చెబుతుంది. కొత్తవాళ్లు దాన్ని ఇంకో విషయంగా అర్థం చేసుకుంటారని అతనికి బాగా తెలుసు. ఆ నమ్మకంతోనే వాటిని అలా పేర్చాడు.

ముందుగా "క్యూబన్ సీడ్" సంగతి. 1960లో క్యూబా ప్రభుత్వం సిగార్ పరిశ్రమను జాతీయం చేశాక చాలామంది సాగుదారులు, తయారీదారులు దేశం విడిచి వెళ్లారు. క్యూబా మూలాలున్న విత్తనాలతో నికరాగువా, హోండురాస్, డొమినికన్ రిపబ్లిక్, ఈక్వెడార్ వంటి చోట్ల పొగాకు పండుతోంది. అక్కడ తయారయ్యే వాటిలో గొప్ప సిగార్లు ఉన్నాయి, అందులో తప్పు పట్టాల్సింది ఏమీ లేదు. అయితే "సీడ్" అనేది విత్తనం పుట్టుక గురించిన మాట. పొలం ఎక్కడుంది, చుట్టింది ఎక్కడ అన్నది అది చెప్పదు. నేను చూసిన ప్రకటనలో "క్యూబన్" పెద్ద అక్షరాల్లో, "సీడ్" చిన్న అక్షరాల్లో ఉన్నాయి.

బ్రాండు పేరును బట్టి కూడా దేశాన్ని తేల్చలేం. 1962 నాటి అమెరికా వాణిజ్య ఆంక్షల తర్వాత ఒకే పేరుతో రెండు వేర్వేరు కంపెనీల సరుకు నడుస్తోంది. కొహిబా, మాంటెక్రిస్టో, పార్తగాస్, రోమియో ఇ హూలియెతా పేర్లతో క్యూబా సిగార్లూ ఉన్నాయి, క్యూబాతో సంబంధం లేని సిగార్లూ ఉన్నాయి. రెండూ చట్టబద్ధమైనవే, కానీ రెండూ ఒకటి కావు. పెట్టె అడుగు భాగం ఫొటో అడగండి. అసలైన క్యూబా పెట్టె మీద "హెచో ఎన్ కూబా" (క్యూబాలో తయారైంది) అన్న ముద్ర ఉంటుంది, క్యూబా ప్రభుత్వ హామీ ముద్ర అతికించి ఉంటుంది. ఆ ముద్ర మీది సంఖ్యను క్యూబా సిగార్ల సంస్థ హబానోస్ వెబ్‌సైట్‌లో సరిచూసుకోవచ్చు. గాజు మూత ఉన్న పెట్టెలో "క్యూబా కొహిబా" అని ఎవరైనా చూపిస్తే అది నకిలీ. ఇంకేమీ అడగనక్కర్లేదు.

ఇక "హ్యాండ్‌మేడ్". అన్నింటికంటే ఎక్కువ మోసం ఈ మాట చాటునే జరుగుతోందని నా అభిప్రాయం. సిగార్‌లో మూడు భాగాలు ఉంటాయి: లోపల నింపే ఫిల్లర్, దాన్ని పట్టి ఉంచే బైండర్, పైన చుట్టే ర్యాపర్. ఫిల్లర్‌గా సిగార్ పొడవునా సాగే ఆకులు పెడితే లాంగ్ ఫిల్లర్. ఆకులు తరిగినప్పుడు మిగిలిన తునకలు నింపితే షార్ట్ ఫిల్లర్. రెండూ కలిపితే మిక్స్‌డ్ ఫిల్లర్, దీన్నే శాండ్‌విచ్ అని కూడా అంటారు. తునకలను యంత్రంతో కట్టి, పై ఆకు ఒక్కటి చేత్తో చుట్టినా "హ్యాండ్‌మేడ్" అని రాసేవాళ్లు ఉన్నారు. ఈ గందరగోళం క్యూబాలోనూ ఉండేది. అందుకే 1989 నుంచి పూర్తిగా చేత్తో చేసిన వాటి పెట్టెల మీద "తోతాల్మెంతే ఆ మానో" అని ముద్ర వేస్తున్నారు. దాని పక్కన "త్రిపా లార్గా" అని ఉంటే లాంగ్ ఫిల్లర్, "త్రిపా కోర్తా" అని ఉంటే షార్ట్ ఫిల్లర్.

షార్ట్ ఫిల్లర్ అమ్మడం నేరం కాదు. ఆ సంగతి చెప్పి, దానికి తగ్గ ధరకు అమ్మితే ఎవరికీ అభ్యంతరం ఉండదు. నాకు వచ్చిన సిగార్‌ను బ్లేడుతో నిలువునా కోసి చూస్తే లోపల ఒక్క నిండు ఆకు కూడా లేదు. ధర మాత్రం లాంగ్ ఫిల్లర్‌ది.

మదూరో అంటే ఘాటైన సిగార్ అని చాలామంది అనుకుంటారు, అమ్మేవాళ్లూ అదే అనుకోనిస్తారు. అది పై ఆకు గురించిన మాట. ఎక్కువ కాలం, ఎక్కువ వేడిలో పులియబెట్టడం వల్ల ఆకు ముదురు గోధుమ రంగుకు తిరుగుతుంది, తరచుగా కాస్త తియ్యదనం వస్తుంది. ఘాటు ఎక్కువగా లోపలి ఆకుల నుంచి వస్తుంది. మొక్క పైభాగాన ఎండ బాగా తగిలి పెరిగే లిహేరో ఆకు బలమైనది, మధ్యలోని సేకో దానికంటే తేలిక, అడుగున ఉండే వొలాదో బాగా కాలడానికి పనికొస్తుంది. లేత రంగు సిగార్‌లో లిహేరో ఎక్కువ ఉంటే అది మదూరోను మించి తల తిప్పగలదు. పైగా, పులియబెట్టే శ్రమ తప్పించుకోవడానికి ఆకుకు రంగు వేసేవాళ్లూ ఉన్నారు. అసలు మదూరో కూడా తడి తగిలితే లేతగా రంగు వదలవచ్చు. నాకు వచ్చినదాన్ని తడి కాగితంతో తుడిస్తే సిరా ఒలికినట్టు మరక పడింది.

రోబస్టో అన్న మాటకు బలంతో పనే లేదు, అది కొలత మాత్రమే. సుమారు 5 అంగుళాల పొడవు, 50 రింగ్ గేజ్. రింగ్ గేజ్ అంటే మందం, అంగుళంలో 64వ వంతుల లెక్క. 50 అంటే 2 సెంటీమీటర్లకు కొంచెం తక్కువ.

"ఏజ్డ్" అని కనిపిస్తే వెంటనే రెండు ప్రశ్నలు వేయండి: నిల్వ ఉంచింది ఆకునా, చుట్టిన సిగార్‌నా? ఎంత కాలం, ఎంత తేమలో? సిగార్లను సాధారణంగా 65 నుంచి 70 శాతం తేమలో ఉంచుతారు. అది లేకుండా గోదాములో పడి ఉన్న సరుకు కూడా "ఏజ్డే". నా పెట్టెలో కొన్నింటి మీద తెల్లటి నూగు ఉంది. అమ్మకందారు చెప్పేదాని ప్రకారం అది "ప్లూమ్" అట, బాగా మాగిన సిగార్ నూనెలు పైకి తేలి స్ఫటికాలయ్యాయట. తెల్లగా గానీ, పచ్చగా, నీలంగా గానీ దూదిలా గుంపులు గుంపులుగా ఉన్నది బూజు, దానికి అందమైన పేరు పెట్టి అమ్మడం దుర్మార్గం. గుండుసూది మొనంత రంధ్రాలు కనిపిస్తే పొగాకు పురుగు పట్టినట్టే. అలాంటి పెట్టెను మీ మిగతా సిగార్ల దగ్గరకు రానివ్వకండి.

చివరగా "నేచురల్", "మైల్డ్". వీటి విషయంలో నష్టం డబ్బుతో పోదు కాబట్టి గట్టిగా చెబుతున్నాను. నేచురల్ అనేది పై ఆకు లేత గోధుమ రంగుకు పెట్టిన పేరు. మైల్డ్ అనేది రుచి, ఘాటు గురించిన మాట. రెండింటికీ ఆరోగ్యంతో సంబంధం లేదు. ఒక పెద్ద సిగార్‌లో ఒక పూర్తి సిగరెట్ ప్యాకెట్‌లో ఉన్నంత పొగాకు ఉండవచ్చు. పొగను ఊపిరితిత్తుల్లోకి పీల్చకపోయినా నికోటిన్ నోటి లోపలి పొర నుంచే ఒంట్లోకి చేరుతుంది. నోరు, గొంతు, స్వరపేటిక, అన్నవాహిక క్యాన్సర్ల ముప్పు మైల్డ్ సిగార్‌తోనూ ఉంది. ఈ అమ్మకందారు నాకు పంపిన సందేశంలో "మైల్డ్ కాబట్టి హాని తక్కువ" అని రాశాడు. నేను ఎత్తి చూపినవాటిలో ఇది పచ్చి అబద్ధం.

నా డబ్బు తిరిగి వచ్చింది. కొనే ముందు "లోపల పూర్తి ఆకులేనా?" అని రాతపూర్వకంగా అడిగాను, అతను "అవును" అని రాశాడు. ఆ సందేశాన్నీ కోసిన సిగార్ ఫొటోనూ జతచేసి చెల్లింపు సంస్థకు పంపితే, ప్రకటన గురించిన అతని వాదన నిలబడలేదు. కాబట్టి ఫోనులో మాట్లాడి వదిలేయకండి. ఫిల్లర్ లాంగా షార్టా, చుట్టింది ఏ దేశంలో, పై ఆకుకు రంగు వేశారా, ఎంత తేమలో నిల్వ ఉంచారు అని రాసి అడగండి. అవును, కాదు అని రాయకుండా మళ్లీ ప్రకటనలోని మాటలే తిరిగి పంపేవాడి దగ్గర కొనకండి.