పోర్సిలిన్ పాత్రను శిల్పంగా పెట్టుకోవాలంటే: గ్లేజ్ ఉన్నదా, లేనిదా?

చెన్నైలో కొత్తగా ఫ్లాట్ సర్దుకుంటున్న మనవాళ్లు ఈమధ్య తరచూ అడుగుతున్నారు. పూలు పెట్టడానికి కాదు, నీళ్లు పోయడానికి కాదు, ఊరికే చూసుకోవడానికి ఒక పోర్సిలిన్ (తెల్లటి పింగాణీ) పాత్ర కొనాలి, ఏది తీసుకోమంటారు అని. ఒక్కటే కొని కళ్లకు దగ్గరగా పెట్టుకునేటట్లయితే గ్లేజ్, అంటే పైన మెరిసే గాజుపూత, లేనిదే తీసుకోండి.

నా మటుకు నాకు దీన్ని తేల్చేది వెలుతురు. 1280 డిగ్రీల దరిదాపుల వేడిలో ఈ మట్టి గాజులా బిగుస్తుంది, పాత్ర గోడ రెండు మిల్లీమీటర్లకు మించకపోతే వెలుతురు అందులోంచి దాటుతుంది. అలాంటి గిన్నెను పొద్దున్నే తూర్పు కిటికీలో పెట్టి చూడండి: అంచు దగ్గర పలచగా వెలుగుతూ, అడుక్కి వచ్చేకొద్దీ మందం పెరిగి నీడ తిరుగుతుంది, చేసినవాళ్ల వేలు ఎక్కడ గట్టిగా నొక్కిందో కూడా తెలిసిపోతుంది. గ్లేజ్ వేసినా వెలుతురు దాటుతుంది కానీ, ముందు కంటికి తగిలేది పైన మెరిసే ట్యూబ్‌లైటూ కిటికీ ఊచలూ. ఆకారం ఆ తర్వాతే.

అలాగని గ్లేజ్‌ను తీసిపారేయలేం. చైనాలో జింగ్‌డెజెన్‌లో సాంగ్ రాజుల కాలంలో చేసిన చింగ్‌బాయ్ అనే లేతనీలి పోర్సిలిన్ గిన్నెల్లో, చెక్కిన గీతల్లోకి గ్లేజ్ దిగి లేత నీలంగా చిక్కబడుతుంది, ఆ అందం వట్టి మట్టికి రాదు. దూరం నుంచి, గుంపుగా చూసేవాటికీ గ్లేజే మేలు. పాత్రలు చేసే కళాకారుడు ఎడ్మండ్ డి వాల్ 2009లో లండన్ విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో 425 పాత్రల్ని గుమ్మటం కింద, ఎక్కడో ఎత్తున ఎర్రటి అరలో పేర్చాడు. అంత దూరంలో ఆ మెరుపే కదా కన్ను పట్టేది.

శుభ్రం చేసుకోవడంలో గ్లేజే సుఖం, తడిగుడ్డ చాలు. లేనిదానికి మన దుమ్మూ, వేలిముద్రలూ, సాంబ్రాణి పొగా పట్టేస్తాయి, పూజగది పక్కన అసలు పెట్టొద్దు. మరక పడితే మెత్తటి బ్రష్, కాస్త వంటసోడా. డైమండ్ ప్యాడ్‌తో (వజ్రపు పొడి అంటించిన రాపిడి ప్యాడ్) రుద్ది నునుపు చేసిందా అని అడిగి కొనండి, అలాంటిదానికి మరకలు తక్కువ.

స్టోన్‌వేర్ (రాయిలా గట్టిగా కాలిన మట్టిపాత్ర) కావాలంటే పుదుచ్చేరి పక్కనే ఉంది, 1971లో గోల్డెన్ బ్రిడ్జ్ పాటరీ మొదలైనప్పటినుంచీ అక్కడ మంచి పని జరుగుతోంది. కానీ దాని గోడలోంచి వెలుతురు రాదు. ఎముకల బూడిద కలిపి చేసే బోన్ చైనా టీ కప్పులకు బాగుంటుంది.

డబ్బిచ్చే ముందు ఫోన్ టార్చి పాత్ర లోపల పెట్టి చూడండి. అంచు దగ్గర కూడా వెలుతురు బయటికి రాకపోతే నా మాట వదిలేసి గ్లేజ్ ఉన్నదే తీసుకోండి.