ఒకటి తర్వాత పది: ఆడియో బైబిలు ప్లేయరుతో మా ఇంటి అనుభవం

మా అమ్మగారికి ఎనభై ఒకటో ఏడు నడుస్తోంది. నీటికాసుల జబ్బు వల్ల మూడేళ్లుగా ఆమెకు అక్షరం కనబడడం లేదు. పర్లాకిమిడిలోనే పుట్టి, ఇక్కడి తెలుగు బడిలోనే చదువుకుని, అరవై ఏళ్లపాటు ప్రతి తెల్లవారుజామునా బైబిలు తెరిచిన మనిషికి ఆ పుస్తకం ఒక్కసారిగా మూతబడిపోయింది. ఇంట్లో చదివి వినిపించేవాళ్లు లేరా అని మీరు అడగవచ్చు. ఈ పట్టణం 1936లో ఒరిస్సాలో చేరినా మా ఇళ్లలో తెలుగు పోలేదు గాని, బడుల్లో మాత్రం కొద్దికొద్దిగా పోతూ వచ్చింది. మా అమ్మాయి తెలుగు చక్కగా మాట్లాడుతుంది, చదవడం రాదు. అది ఒడియా బైబిలు తెచ్చి నాయనమ్మకు రెండు రోజులు చదివింది. మూడో రోజున అమ్మ, "బాగానే చదువుతున్నావమ్మా, అర్థమూ అవుతోంది, కానీ నాకు తగలడం లేదు" అంది. ఆ మాట విన్న వారానికే, నిరుడు జూలైలో, బరంపురంలోని ఒక క్రైస్తవ పుస్తకాల దుకాణంలో ఈ ఆడియో బైబిలు ప్లేయరును 1,750 రూపాయలకు కొన్నాను. దాని మీదున్న కంపెనీ పేరు ఇక్కడ రాయడం లేదు, ఎందుకంటే అచ్చంగా ఇదే పెట్టె ఆ దుకాణంలోనే మూడు వేర్వేరు పేర్లతో కనిపించింది. మీ ఊళ్లో ఇంకేదో పేరుతో దొరకవచ్చు.

పెట్టె అరచేతిలో ఇముడుతుంది. ముందువైపు అంకెల మీటలు, పక్కన మెమరీ కార్డు, నెత్తిన ఒక చిన్న టార్చి ఉన్నాయి. వెనకవైపు సౌర పలక ఉన్నదని చెప్పుకోవడానికే తప్ప, రోజంతా ఎండలో పెట్టినా అరగంట కూడా పలికించలేదు. బ్యాటరీ పన్నెండు గంటలు వస్తుందని డబ్బా మీద ముద్రించారు, మాకు ఏడు గంటలే వచ్చింది. అయితే అందులో వేసింది పాత నోకియా ఫోన్లలో వాడిన రకం బ్యాటరీ కాబట్టి, అది పోయినా ఏ మొబైల్ కొట్లోనైనా మరొకటి దొరుకుతుంది. మా వైపు కొండ ఊళ్లలో ఉండేవారికి ఇది చిన్న సంగతి కాదు. మీటల మీద గుర్తులు నున్నగా ఉండి చేతికి తెలియవు గనుక, చూపు లేనివారి కోసం మేము 5 అంకె మీద సూదిమందం బొడిపెలా జిగురు వేసి ఆరబెట్టాము. ఆ పని కంపెనీ చేయవలసింది.

చదివిన గొంతు గురించి ఫిర్యాదు లేదు. తొందర లేకుండా, నాటకీయత లేకుండా, పాత అనువాదాన్నే చదివారు. "యున్నాడు", "యుండెను" అన్న ఆ పాత క్రియలు మా అమ్మగారికి కంఠస్థం. చదివేవాడి కంటే ఒక మాట ముందుగా ఆమె పెదవులు కదలడం నేను చూశాను. ఎటొచ్చీ సువార్త భాగాల్లో మాత్రం ఎవరికో నేపథ్య శబ్దాలు చేర్చాలన్న బుద్ధి పుట్టింది. మార్కు సువార్త 4వ అధ్యాయం చివర యేసు దోనె అమరంలో నిద్రపోతుండగా తుపాను లేచే ఘట్టానికి వచ్చేసరికి ఉరుములు, అలల మోత, గాలి ఈల ఒక్కసారిగా పెరిగిపోయి, "మేము నశించిపోవుచున్నాము, నీకు చింతలేదా" అని శిష్యులు మొరపెట్టే మాటే సగం మునిగిపోయింది. మొదటిసారి విన్నప్పుడు అమ్మ ఉలిక్కిపడి, "కట్టెయ్, నాయనా, నిజంది చూసినవాళ్లం, ఇది కూడానా" అంది.

నిజంది అంటే తిత్లీ. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున పలాస దగ్గర తీరం దాటిన ఆ తుపాను మా గజపతి జిల్లాను ఎలా విరిచిందో ఈ వైపువారికి వేరే చెప్పనక్కరలేదు. మా వీధికి తొమ్మిది రోజులు కరెంటు లేదు. బరఘరా గ్రామంలో వానకు తలదాచుకోవడానికి కొండ కింద గుహలాంటి చోటికి చేరినవారి మీదే కొండచరియ విరిగిపడి పదిమందికి పైగా చనిపోయారు. ఆ వార్త విన్ననాటి నుంచి అమ్మకు వాన శబ్దమంటే భయం. చిన్నప్పటి నుంచి నమ్మకంగా పలికిన "కొండలతట్టు నా కన్నులెత్తుచున్నాను" అన్న 121వ కీర్తనను ఆమె చాలాకాలం ఎత్తలేదు. ఎందుకని నేనూ అడగలేదు.

అందుకే దుకాణదారు ఈ ప్లేయరులో అన్నిటికంటే గొప్పదని చూపించిన విభాగం గురించి నాకు కొంత ఎక్కువగా చెప్పాలని ఉంది. దాని పేరు "అభయ వాగ్దానాలు". భయం, రోగం, అప్పు, శత్రువులు అంటూ విడివిడిగా ఫోల్డర్లు చేసి, ఒక్కొక్క దానిలో పాతిక ముప్పై వచనాలను కీబోర్డు సంగీతం మీద చదివి, ప్రతి వచనం తర్వాత ఒక బోధకుని చేత రెండు మాటలు చెప్పించారు. వచనాలన్నీ బైబిలులోవే, అబద్ధం ఒక్కటీ లేదు. అయినా ఈ విభాగమే ఈ పెట్టెలో అన్నిటికంటే బలహీనమైనదని నా అభిప్రాయం. వచనాన్ని దాని పక్కనున్న వచనం నుంచి కోసేస్తే ఏమవుతుందో తెలుసుకోవాలంటే దీన్ని వింటే చాలు. దానియేలు గ్రంథం 3వ అధ్యాయంలో ముగ్గురు యువకులు, తమ దేవుడు అగ్నిగుండం నుంచి తప్పించగల సమర్థుడని రాజు ముందు చెప్పే 17వ వచనం ఇందులో ఉంది. ఒకవేళ ఆయన రక్షించకపోయినా నీ ప్రతిమకు మొక్కేది లేదని వారు అదే ఊపిరిలో చెప్పే 18వ వచనం లేదు. నా లెక్కలో విశ్వాసమంతా ఆ లేని వచనంలోనే ఉంది.

91వ కీర్తన విషయంలో సంగతి ఇంకా ముదిరింది. "నీ ప్రక్కను వేయిమంది పడినను" అన్న వచనం చదివాక ఆ బోధకుడు, నిజంగా నమ్మినవాడి ఇంటి గడప ఏ కీడూ తొక్కదని ఉత్సాహంగా హామీ ఇచ్చాడు. అమ్మ కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "మరి ఆ పడిపోయిన వేయిమంది పక్కన ఎవరున్నార్రా?" అని అడిగింది. నా దగ్గర జవాబు లేదు, ఆ ఫోల్డరులోనూ లేదు. దేవాలయ శిఖరం మీద యేసును కిందికి దూకమని శోధించినప్పుడు సాతాను ఎత్తిచూపినవి ఇదే కీర్తనలోని మాటలని మత్తయి సువార్త 4వ అధ్యాయం చెబుతుంది. ఈ విభాగాన్ని తయారుచేసినవారు ఆ అధ్యాయాన్ని ఒకసారి తమ ప్లేయరులోనే విని ఉంటే బాగుండేది.

ఇక అసలు లోపానికి వస్తాను. అధ్యాయాలు వరుసగా పలకవు. ఫైళ్లకు 1, 2, 3 అని పేర్లు పెట్టి వదిలేశారు గనుక, యంత్రం వాటిని అంకెలుగా కాక అక్షరాలుగా చూసి, 1 తర్వాత 10, ఆ తర్వాత 11 ఎత్తుకుంటుంది. ఆదికాండంలో లోకం సృష్టి కాగానే, ఆదాము పాపం గాని జలప్రళయం గాని లేకుండా, నోవహు కుమారుల వంశావళి మొదలవుతుంది. 150 అధ్యాయాలున్న కీర్తనల్లో 1, 10, 100, 101 అని సాగి, రెండో కీర్తన వినాలంటే అరవై దాటాలి. దుకాణానికి ఫోన్ చేస్తే, "ఏ అధ్యాయమైనా దేవుని వాక్యమే కదండీ, వరుసతో పనేముంది" అన్నారు. వేదాంతపరంగా తప్పు పట్టలేని జవాబే అయినా, డబ్బు పుచ్చుకుని అమ్మినవారు ఇవ్వవలసిన జవాబు కాదు.

అక్టోబరు 28న మొంథా తుపాను ఎక్కడో దక్షిణాన నరసాపురం దగ్గర తీరం దాటిన రాత్రి ఇక్కడ కూడా పెద్ద వాన పట్టింది. తొమ్మిది గంటలకు కరెంటు పోయింది. రేకుల మీద చినుకులు గట్టిపడేకొద్దీ అమ్మ మంచం మీద లేచి కూర్చుంది. నేను చీకట్లో తడుముకుని కీర్తనలు పెట్టాను. నీటికాలువల యోరన నాటబడిన చెట్టు గురించి మొదటి కీర్తన ముగిసింది. ధైర్యం చెప్పే మాట ఏదైనా వస్తే బాగుండునని నేను అనుకుంటుండగా, ఆ తప్పుడు వరుస పుణ్యమా అని పదో కీర్తన మొదలైంది: "యెహోవా, నీవెందుకు దూరముగా నిలుచుచున్నావు? ఆపత్కాలములలో నీవెందుకు దాగియున్నావు?"

ఆపేద్దామని చెయ్యి చాచాను. అమ్మ నా మణికట్టు పట్టుకుని, "ఉండనీ. నేనడగాలనుకున్నదే అడుగుతున్నాడు" అంది. ఆ కీర్తన చివరికి వచ్చేసరికి ఆమె పెదవులు మళ్లీ చదివేవాడి కంటే ముందు నడిచాయి. తర్వాత వచ్చింది నూరో కీర్తన, స్తుతి కీర్తన. దాన్ని ఆమె గొంతెత్తి పలికింది. వాన తగ్గలేదు. ఆమె భయమూ పోలేదు, తెల్లవారేవరకు నా చెయ్యి వదలలేదు. కానీ ఆ రాత్రి ఆమె ప్రార్థన చేసింది, తిత్లీ రాత్రి చేయలేకపోయింది. ఆ తర్వాత నేను గమనించిన మార్పు ఒకటుంది. వెలుగు అనేదే లేకుండా, చీకటే నాకు బంధువర్గమైందని ముగిసే 88వ కీర్తనను ఆమె అడిగి మరీ వింటోంది. ఏ అభయ ఫోల్డరులోనూ దానికి చోటు దొరకదు. మొత్తం 66 పుస్తకాలనూ 1189 అధ్యాయాలనూ, వినడానికి కష్టమైనవాటితో సహా, ఏదీ వదలకుండా చదివి పెట్టినందుకు ఈ ప్లేయరుకు నేనిచ్చిన ధర న్యాయమైనదే అనిపిస్తుంది.

కొనదలచినవారు దుకాణంలోనే ఒక కీర్తన నుంచి మరొక కీర్తనకు వెళ్లి వరుస చూసుకోండి, బ్యాటరీ తీసి వేయడం తెలుసుకోండి, ఇంటికి రాగానే మెమరీ కార్డుకు ఒక నకలు తీసి పెట్టుకోండి. వరుస తప్పితే కంప్యూటరులో పేర్లను 001, 002, 010 అని మూడేసి అంకెలుగా మార్చాలి. ఇది ఓపికగా కూర్చుంటే ఒక పూట పని. సంక్రాంతి సెలవుల్లో మా మేనల్లుడు వచ్చి మాకు అదే చేసిపెట్టాడు. ఆ రాత్రి మొదటి కీర్తన అయ్యాక బుద్ధిగా రెండోది మొదలైంది. అమ్మ కాసేపు విని, తల ఇటు తిప్పి, "పదోది రాలేదేంరా?" అని అడిగింది. మర్నాడు మిగిలిన పుస్తకాలన్నీ సరిచేసిన వరుసలోనే ఉంచి, కీర్తనలను మాత్రం పాత కార్డు నుంచి మళ్లీ ఎక్కించాము.