లూకా దారి, ట్రే దారి

2018లో అమెరికా బాస్కెట్‌బాల్ లీగ్ ఎన్‌బీఏ డ్రాఫ్ట్ (జట్లు వంతులవారీగా కొత్త ఆటగాళ్లను ఎంచుకునే కార్యక్రమం) రాత్రి అట్లాంటా జట్టు లూకా డాన్చిచ్‌ను, డల్లాస్ జట్టు ట్రే యంగ్‌ను ఎంచుకుని వెంటనే మార్చేసుకున్నాయి. డల్లాస్ పైగా ఒక మొదటి రౌండ్ పిక్, అంటే డ్రాఫ్ట్ తొలి రౌండ్‌లో ఒక ఆటగాణ్ని ఎంచుకునే హక్కు కూడా ఇచ్చింది. ఇద్దరికీ పందొమ్మిదేళ్లే. కానీ ఒకరు యూరప్ క్లబ్ నుంచి, మరొకరు అమెరికా కాలేజీ నుంచి వచ్చారు. ఆట నేర్చుకోవడానికి ఏ దారి మంచిది?

లూకా పదమూడో ఏటే స్లోవేనియా రాజధాని ల్యుబ్లియానా వదిలి స్పెయిన్ క్లబ్ రియల్ మాడ్రిడ్ బాస్కెట్‌బాల్ విభాగంలో చేరాడు. కన్నవాళ్లు దగ్గర లేరు, స్పానిష్ రాదు. పదహారో ఏట సీనియర్ జట్టులో అడుగుపెట్టాడు. అక్కడ పిల్లాడని ఎవరూ జాలిపడరు. తప్పు చేస్తే బెంచీయే. 2018లో యూరప్ అగ్రశ్రేణి క్లబ్‌ల పోటీ యూరోలీగ్‌లో టైటిల్, ఎంవీపీ (అత్యుత్తమ ఆటగాడి అవార్డు) రెండూ అందుకునే అమెరికా వచ్చాడు. అయినా అతని వేగం మీద కొందరికి అనుమానాలే!

ట్రే సొంతూరు నార్మన్‌లోనే ఓక్లహోమా యూనివర్సిటీకి ఒక్క సీజన్ ఆడాడు. మ్యాచ్‌కు సగటున 27.4 పాయింట్లు, 8.7 అసిస్టులు (తోటివాళ్లు స్కోరు చేసేలా ఇచ్చిన పాసులు). రెండింటిలోనూ దేశంలో అతనే మొదటివాడు. బంతి ఎప్పుడూ అతని చేతిలోనే. ఆ స్వేచ్ఛ మాడ్రిడ్‌లో ఏ కుర్రాడికీ దొరకదు. జీతం మాత్రం సున్నా.

ఆట నేర్చుకోవడానికి నా ఓటు మాడ్రిడ్‌కే. పెద్దవాళ్ల దెబ్బలు ముందే తిన్న లూకా 2019లో రూకీ ఆఫ్ ద ఇయర్ (ఎన్‌బీఏలో ఆ ఏటి మేటి కొత్త ఆటగాడు) అయ్యాడు. ట్రే కూడా తక్కువేం కాదు, 2021లో అట్లాంటాను కాన్ఫరెన్స్ ఫైనల్‌కు, అంటే ఎన్‌బీఏ ఫైనల్‌కు ముందు మెట్టుకు చేర్చాడు. అదే ఏడాది అమెరికాలో కాలేజీ ఆటగాళ్లకు ప్రకటనల ఆదాయం తీసుకునే వీలొచ్చింది. దాంతో ఇప్పుడు యూరప్ కుర్రాళ్లే అమెరికా కాలేజీలకు వెళ్తున్నారు.